రెండో అక్షరం

గ్రీమ్స్‌పేటలో బెల్లం మండీ మీద మేడ.
సాయంత్రం ఆరింటికి నా తరగతి.
కింద కాటా మీద దిమ్మెలు పడినప్పుడల్లా
పైన నల్లబల్ల అదురుతుంది,
నిలువుగా గీసిన లఘువులు
రెండు మూడు, గురువుల మీదికి ఒరుగుతాయి.

డీయస్సీకి చదివే పదహారు మంది.
వీళ్ళకు పద్యం అక్కర్లేదు, బిట్టు కావాలి.
"ఆటవెలదా, తేటగీతా? అది చెప్పండి టీచర్, చాలు"
అంటాడు రెడ్డెప్ప,
తెల్లవారుజామున పాల వ్యాను తోలి
కళ్ళు ఎర్రబడినవాడు.

చెప్పినవాడి పేరు మిగలని పాత పద్యం
సుద్దముక్కతో రాశాను:

     కొండ దారిలోన కూలి మోసిన కుండ
     దించు చోటు లేదు, పంచ లేదు
     దప్పి తీరు నీళ్ళు తలపైన నుండగా
     నాలుకెండి నడచె నరుడు పైకి

పంచంటే ధోవతి కాదు, వసారా, అన్నాక
నవ్వులు సద్దుమణిగాయి.
ముగ్గురు సూర్యులు, ఇద్దరు ఇంద్రులు,
కింది పాదంలో మళ్ళీ అయిదుగురు సూర్యులు.
"చిత్తూరు ఎండలకు సరిపొయ్యారు"
అన్నారెవరో వెనక బెంచీలో.

దప్పి దగ్గర ఆగాను.
ద తనంతట తాను తేలికే.
వెనకనే పకారం ఒత్తుతో వచ్చి నిలబడింది గనక
ముందున్నదానికి బరువు.
పదకొండేళ్ళుగా చెబుతున్న మాటే,
ఈ రోజెందుకో నోరు ఆగింది.
మా అక్క దొరసాని ఎనిమిదిలో బడి మాని
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో టెంకలు ఏరింది.
ఆమె వెనక ఒత్తునై వచ్చినదాన్ని నేను.
గొంతు సర్దుకుని,
ద మీద గురువు గుర్తు పెట్టాను.

తర్వాత రెండో పాదం.
దించు దగ్గర ది. నాలుగో గణం మొదట ప.
దకారానికీ పకారానికీ ఏ చుట్టరికమూ లేదు.
ఎప్పటిలాగే ఎర్ర సుద్దతో సున్న చుట్టి
"యతిభంగం. రాసుకున్నవాడి పొరపాటు కావచ్చు" అన్నాను.
పదిహేను కలాలు రాసుకున్నాయి.

రాయనిది దర్గా వీధి దిల్షాద్.
"ఇంకోసారి చదవండి టీచర్, బోర్డు చూడకుండా."
చదివాను.
"దించు... పంచ... అతుక్కునే ఉండాది కదా.
మొదటి దాంట్లో లేదు, రెండో దాంట్లో ఉండాది.
మా దాదా షాయరీ చెప్పేటప్పుడు
తల వదిలేసి తోక వినమంటాడు."

ప్రాసయతి.
ఆ పేరు పాఠంలో నేనే చెబుతాను,
ఆటవెలదికి చెల్లుతుందని కూడా చెబుతాను.
చెల్లిన చోట మాత్రం కళ్ళతోనే చూశాను,
చెవి పెట్టలేదు.
ఎన్ని బ్యాచీలకు ఈ పద్యాన్ని
తప్పుల పట్టీలో రాయించానో!
వాళ్ళు కుప్పంలో, పుంగనూరులో, పలమనేరులో
ఈ పాటికి ఎర్ర సున్నలు చుడుతూ ఉంటారు.

యతి అంటే ఆగి ఊపిరి పీల్చుకునే తావు.
దించు చోటు లేదని
పాదంలోనే చెప్పుకున్నాడు ఆయన.
మొదటి అక్షరం మీద దించుకోలేక
ఒక్క అక్షరం అవతలికి మోసుకెళ్ళి దించాడు.
నేను మొదటి మెట్టు దగ్గరే కూర్చుని
మనిషి రాలేదని హాజరు కొట్టేశాను.

"అయితే బిట్టులో ఏం పెట్టాల?" అన్నాడు రెడ్డెప్ప.
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.
సున్నను అరచేత్తో చెరిపాను.
పూర్తిగా పోలేదు.

రాత్రి బస్సులో కమ్మీ పట్టుకుంటే
దానికీ ఎర్ర సుద్ద అంటింది.
కుప్పంలో ఉన్న చెంగల్రాయుడి నంబరు ఇంకా ఉంది.
"రెండో పాదం తప్పు కాదు, నాదే" అని కొట్టి,
పంపేముందు
దించు, పంచ, అని పెదవులతో అనుకున్నాను.
పక్క సీట్లో పెద్దాయన
ఒకసారి నన్ను చూసి, తన పంచె చూసుకుని,
కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు.